వెనక్కి అడిగిన ప్రమాణం

మునిరత్నమ్మ పడుతుందని ఎవరూ అనుకోలేదు, ఒక్క మునిరత్నమ్మ తప్ప. ఆ మాటకొస్తే ఆమె ముందే అనుకోని ఆపద ఈ లోకంలో లేదు. బస్సెక్కితే బ్రేకులు పోతాయని, పొయ్యి మీద పాలు పెడితే కొంగు అంటుకుంటుందని, కొడుకు ఇల్లు చేరడం పావుగంట ఆలస్యమైతే ఏ లారీ కిందో పడి ఉంటాడని ముందుగానే అనుకుని, ముందుగానే ఏడ్చేసి, కొడుకు గడప తొక్కగానే ముక్కు చీదుకుని అన్నం వడ్డించడం ఆమెకు అలవాటు. కాబట్టి ఆ ఆదివారం పొద్దున చిత్తూరు అవతల ఎండిన చెరువులో నైలాను దారం పట్టుకుని పరుగెత్తుతూ బోర్లా పడినప్పుడు, నొప్పి తెలిసేలోపలే ఆమెకు ఒకరకమైన తృప్తి కలిగింది. తను చెప్పలేదూ, పడతానని!

యాభై మూడేళ్ళ ఆడమనిషికి చెరువులో పరుగులేమిటంటే, ముందు ఆమె కొడుకు సంగతి చెప్పాలి.

ధనంజయకు ఇరవై ఏడేళ్ళు. పెళ్ళి మండపాలకు థర్మోకోలు పని చేస్తాడు. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు, నడుమ బాణం దిగిన గుండె, చెరో పక్క ఒక హంస. ఒక బ్లేడు, ఒక గరుకు కాగితం చేతికిస్తే చాలు, తెల్లటి పలకలోంచి హంస మెడను అలవోకగా లేపుతాడు. చిత్తూరులోనే కాకుండా తిరుపతి సత్రాల్లో జరిగే పెళ్ళిళ్ళకు కూడా అతనికి కబురొస్తుంది. కానీ మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఉండవు, పెళ్ళిళ్ళు లేకపోతే పని ఉండదు, పని లేకపోతే అతని చేతులు ఊరుకోవు. అట్లా ఒక మూఢంలో మిగిలిన పలకలన్నీ అతికించి, చెక్కి, రుద్ది, లోపల వెదురు బద్ద దూర్చి, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు బారెడుకు పైగా ఉండే విమానం తయారుచేశాడు.

దానికి ఇంజను లేదు. మద్రాసు బర్మా బజారులో కొన్న జపాను రిమోటు పెట్టె మాత్రం ఉంది. విమానం కడుపు కింద చిన్న కొక్కెం. దానికి దారం తగిలించి గాలికి ఎదురుగా ఒకరు లాక్కుంటూ పరుగెత్తితే, గాలిపటం లేచినట్టు విమానం లేస్తుంది. పైకి వెళ్ళాక కొక్కెంలోంచి దారం దానంతటదే జారిపోతుంది. అక్కడినుంచి అది గద్దలా తేలుతూ దిగివస్తుంది. కింద నిలబడి ధనంజయ పెట్టె మీది మీటలు కదుపుతూ దాన్ని తిప్పుతుంటాడు.

దారం లాగే పని మొదట ఆదిమూలం చేసేవాడు. బజారు వీధిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మనిషి. నలభై అయిదేళ్ళు, నలభై అయిదేళ్ళకు తగిన పొట్ట. నాలుగు ఆదివారాలు లాగి, అయిదో ఆదివారం చెరువు మధ్యలో కూర్చుండిపోయాడు.

"నాకు ఈ పొట్ట ఇచ్చినోడు రెండెద్దులు కూడా ఇచ్చింటే లాగుతాను గానీ, నా వల్ల కాదబ్బా," అన్నాడు.

అప్పటికి మునిరత్నమ్మ అక్కడే ఉంది. ప్రతి ఆదివారం అక్కడే ఉండేది. ఎందుకంటే విమానం ఎగురుతున్నంతసేపు కొడుకు కళ్ళు ఆకాశంలో ఉంటాయి. కాళ్ళు నేల మీద వాటి ఇష్టం వచ్చినట్టు నడుస్తుంటాయి. చెరువు గట్టు దాటితే గోడ లేని బావులు రెండున్నాయి. వాటికీ కొడుకుకూ మధ్య నిలబడడానికి ఆమె వెళ్ళేది. ఆదిమూలం కూలబడిన రోజున, "ఇట్లియ్యి, నేను సూస్తాను," అని దారం అందుకుంది. ఇరాల దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు చేద వేసి నీళ్ళు తోడిన చేతులవి. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో దారమే ఆమెకు చెప్పింది. విమానం అంతకుముందెప్పుడూ లేవనంత ఎత్తు లేచింది.

"అక్కా, నువ్వు ముందే వచ్చింటే నా పానం మిగిలిండునే!" అన్నాడు ఆదిమూలం.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆమే లాగింది. పడతానేమో అంటూనే లాగింది. చివరికి గొడ్ల గిట్టలు దిగి ఎండిపోయిన గుంటలో కాలు పడి, పడనే పడింది.

ధనంజయ చేతిలోని రిమోటు పెట్టెను అవతలకు విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. పట్టించుకునే దిక్కులేక విమానం తన మానాన తాను దిగి ముళ్ళకంపలో వాలింది.

మోకాలు పొంగి బొప్పాయికాయంత అయింది. విరగలేదని డాక్టరు చెప్పినా ఆమె నమ్మలేదు. కొడుకు మాత్రం ఇంటికి రాగానే విమానాన్ని వాసానికి తలకిందులుగా వేలాడదీశాడు.

"ఇంక చాల్లేమ్మా," అన్నాడు. "ఆట ఆడింది చాలు."

* * *

మర్నాడు సాయంత్రం ఆదిమూలం పరామర్శకు వచ్చాడు. వస్తూనే జేబులోంచి గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీసి అరుగు మీద పెట్టాడు. సపోటాకాయంత మోటారు, ముందువైపు సన్నటి ఇనుప కడ్డీ.

"దీన్ని ముక్కులో పెట్టి, ఫంకా తగిలించి, ఏడు సెల్లులు కడుపులో పెట్టినామంటే దారంతో పనే లేదు. చేత్తో ఇసిరితే చాలు, అదే ఎక్కతాది. చాలినంత ఎత్తు పోయినాక మోటారు ఆపేస్తే మళ్ళీ ఎప్పట్లాగే తేలతాది. అక్కా, నువ్వు పరిగెత్తే పనుండదు."

ధనంజయ మోటారు వైపు చూశాడు. చూశాడంతే, చెయ్యి చాచలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"తీసుకుపోన్నా," అన్నాడు నెమ్మదిగా.

"ఏమబ్బా, చేదా?"

"తీసుకుపో."

ఆదిమూలానికి అప్పుడు గుర్తొచ్చింది. నాలుక కరుచుకున్నాడు.

అయిదేళ్ళ కింద, ఎనభై ఒకటిలో, ధనంజయ తండ్రి చెంగయ్య ఇరాల దగ్గర తన చేనులో బోరు మోటారు వెయ్యబోయి, తడిచేత్తో స్టార్టరు పెట్టె ముట్టుకుని, అక్కడికక్కడే పోయాడు. సద్దిమూట నెత్తిన పెట్టుకుని గట్టు మీదుగా వస్తున్న మునిరత్నమ్మ చూస్తుండగానే పోయాడు. అప్పుడు ధనంజయ ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను చదువుతున్నాడు. కర్మ ముగిసిన మూడో రోజు ఆమె కొడుకును కాణిపాకం తీసుకుపోయింది. పాలు పంచుకున్న అన్నదమ్ములు, గట్టు జరిపావు జరపలేదని తగువులాడుకున్నవాళ్ళు అక్కడి వినాయకుడి ముందు తలస్నానం చేసి తడిబట్టలతో ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడినవాడూ మాట తప్పినవాడూ బాగుపడడని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. మునిరత్నమ్మ అదే ప్రమాణం సొంత కొడుకు చేత చేయించింది. "కరెంటు మోటారు ముట్టను, ప్లగ్గులో చెయ్యి పెట్టను," అని తడిబట్టలతో వణుకుతూ అన్నాడు ధనంజయ. చదువు మానేశాడు. చేను కౌలుకిచ్చి తల్లీకొడుకులు చిత్తూరు చేరారు. కరెంటుతో సంబంధం లేని పని వెతుక్కుంటే థర్మోకోలు దొరికింది.

అయిదేళ్ళలో ఒక్కసారి కూడా అతను మాట తప్పలేదు. ఇంట్లో బల్బు మాడిపోతే పక్కింటివాళ్ళు వచ్చి మార్చాలి. మునిరత్నమ్మ అయితే స్విచ్చిని కూడా వేలితో ముట్టదు. చెక్క తెడ్డు కొనతో నొక్కుతుంది.

"మరి ఆ రిమోటు పెట్టెలో ఉండేదేందక్కా?" అన్నాడు ఆదిమూలం, మోటారు మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటూ. "అది కరెంటు కాదా?"

"అవి టార్చిలైటు సెల్లులు," అంది మునిరత్నమ్మ. "మోటారు లేదు దాంట్లో. మోటారని చెప్పి ప్రమాణం చేసినాడు వాడు."

"బాగుండాది. ఆ దేవుడే వకీలును పెట్టుకోవాల నీతో."

* * *

ఒక ఆదివారం గడిచింది. ధనంజయ తెల్లవారకముందే లేచాడు, అలవాటు కొద్దీ. లేచి, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి, అరుగు మీద కూర్చుని కొబ్బరిచెట్టు ఆకులు ఏ వైపు ఊగుతున్నాయో చూశాడు. గాలి పడమటి నుంచి నిదానంగా ఉంది. విమానానికి అంతకంటే మంచి గాలి ఉండదని మునిరత్నమ్మకు కూడా తెలుసు. ఏడాది లాగింది మరి.

రెండో ఆదివారమూ అంతే.

అతను అడిగి ఉంటే కాదనడం ఆమెకు తేలికగా ఉండేది. కాదనడానికి కారణాలు ఆమె దగ్గర కుప్పలున్నాయి. అతను అడగలేదు, విసుక్కోలేదు, పైకి చూసి నిట్టూర్చనైనా లేదు. మోకాలికి ఆముదం కాచి పట్టు వేసి, "నొప్పి ఎట్లుండాదమ్మా?" అంటాడు. అంతే. తండ్రిని కరెంటు తీసుకుంది. కొడుకు చేతుల్లోని పనిని ఎవరు తీసుకున్నారు?

మంగళవారం అతను పనికి పోయాక ఆమె కుంటుకుంటూ బజారు వీధికి వెళ్ళింది. ఆదిమూలం అంగడిలో పొట్టవిప్పిన రేడియోల మధ్య స్టూలు మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో ముడుచుకుని, దేనికీ తగలకుండా.

"ఆదిమూలం, నిజం చెప్పు. ఆ మోటారు మనిసిని సంపుతాదా?"

"అక్కా, అది దోమను సంపదు."

"ఫంకా వేలు తెంచదా?"

"తిరిగేటప్పుడు వేలు పెడితే గీరుకుంటాది. కత్తిపీట కొయ్యదా? నువ్వు ఇంట్లో కత్తిపీట పారేసినావా?"

"అది వేరే. కరెంటు సంగతి సెప్పు."

ఆదిమూలం బల్ల మీది నుంచి ట్రాన్సిస్టరులో వేసే చిన్న చదరపు బ్యాటరీ తీశాడు. దాని నెత్తిన రెండు బుడిపెలున్నాయి. "ఇది తొమ్మిది ఓల్టులు. మన విమానంలో పెట్టేది ఎనిమిదిన్నర కూడా ఉండదు. నేను దీన్ని దినామూ నాలిక మీద పెట్టి సూస్తాను, ఛార్జి ఉండాదా లేదా అని. ఇదో." పెట్టి చూపించాడు. చచ్చిపోలేదు.

మునిరత్నమ్మ చాలాసేపు ఆ బ్యాటరీ వైపు చూసింది. వీధిలో అటూ ఇటూ చూసింది. ఇంట్లో గ్యాసు కట్టేసి వచ్చానా అని గుర్తు చేసుకుంది. మంగళసూత్రం ఉండవలసిన చోట చెయ్యి వేసుకుంది. కళ్ళు మూసుకుని నాలుక బయట పెట్టింది.

క్షణం తర్వాత కళ్ళు తెరిచి, "పుల్లగా ఉండాది," అంది.

"అంతే అక్కా. చింతకాయ."

"చిమచిమమంటాది."

"పచ్చి చింతకాయ."

ఆమె నాలుక కొంగుతో తుడుచుకుంది. "మరి సెల్లులు అయిపోతే?"

"అవి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునేవి. ప్లగ్గులో పెట్టి..." అని ఆమె ముఖం చూసి ఆదిమూలం మాట మార్చాడు. "ఆ ప్లగ్గు పని నాది. నా అంగట్లో నేనే పెట్టి నేనే తీసి ఇస్తాను. వాడు గోడ దిక్కు సూసే పని కూడా లేదు."

"మోటారు ఇట్లియ్యి."

"ఇచ్చేస్తాండావా వాడికి?"

"నేనెవరు ఇచ్చేదానికి? మాట సామికి ఇచ్చినాము. ఆయన్నే అడగాల."

* * *

గురువారం తల్లీకొడుకులు కాణిపాకం బస్సెక్కారు. మోటారు ఆమె చేతిసంచిలో ఉంది. దారి పొడుగునా డ్రైవరుకు నిద్ర వస్తోందేమోనని అతని మెడనే చూస్తూ కూర్చుంది. ధనంజయ ఒక్కసారే మాట్లాడాడు.

"నాకోసరం వద్దుమా. నేను అడగలేదు గదా."

"నువ్వు అడగలేదని నాకు తెల్సు. గమ్మునుండు."

గుడిలో రద్దీ లేదు. ప్రమాణం చేయించే ముసలి అయ్యవారు ఆమె తడిబట్టలు చూసి, "ఏమమ్మా, ఏం తగువు? అవతలివాళ్ళు ఏరీ?" అని అడిగాడు.

"తగువు లేదు సామీ. అయిదేండ్ల కింద చేసిన ప్రమాణంలో కొంచెం వెనక్కి అడగను వచ్చినాను."

అయ్యవారు విభూతి పళ్ళెం పక్కన పెట్టాడు. "ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నాను. ప్రమాణం వెనక్కి అడిగినవాళ్ళను చూడలేదే!"

"నేనూ సూడలేదు సామీ," అంది మునిరత్నమ్మ.

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె చేతిసంచి విప్పి, మోటారును అరచేతిలో పెట్టి, స్వామికి కనబడేలా చెయ్యి చాచింది. ఆ స్వామి దగ్గర మాట తూకంగా ఉండాలని ఆమెకు తెలుసు. అందుకే గట్టిగా, నిదానంగా, మార్కెట్టులో రైతు తరుగు మాట్లాడుకున్నట్టు మాట్లాడింది.

"సామీ, ఈడనే నా కొడుకు చేత ప్రమాణం చేపిస్తిని. నీకు గుర్తుండే ఉంటాది. కరెంటు మోటారు ముట్టనన్నాడు. ఇంతవరకు ముట్టలేదు, అది నీకు తెల్సు. ఇప్పుడు ఆ మాటలో ఇంత మాత్రం ఇడిసిపెట్టమని అడుగుతాండా. ఇదో, ఇంతే. నీళ్ళు తోడే మోటారు నేను అడగడంలే. గోడలో ప్లగ్గు అడగడంలే. ప్లగ్గులో ఆదిమూలం పెడతాడు, వాడు నీకు ఏ మాటా ఇయ్యలేదు. ఏడు సెల్లులు. నాలిక మీద పెట్టి సూసినాను, పుల్లగా ఉండాది, అంతే." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇట్లా అడగడం తప్పో ఒప్పో నాకు తెలీదు. నేను సదివింది అయిదో క్లాసు. తప్పయితే ఆ తప్పు నాది. నువ్వు ఏం చేసినా నా చేతి మీదుగా చెయ్యి. వాడి చేతికి మాత్రం రానీకు."

స్వామి ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు, అదే ఆమెకు ఉన్న భయం. వెనక్కి తిరిగి మోటారును కొడుకు చేతిలో పెట్టింది. ధనంజయ అయిదేళ్ళ తర్వాత మొదటిసారి ఒక మోటారును పట్టుకున్నాడు. బొటనవేలితో కడ్డీని మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అప్పుడతని ముఖంలోకి వచ్చినదాన్ని చూసి మునిరత్నమ్మ తల తిప్పుకుంది.

* * *

వారం రోజులు ఇంట్లో నేల కనబడలేదు. ఎక్కడ చూసినా తెల్ల పూసలే. చారులో కూడా తేలాయి.

ఇంజను లేని రోజుల్లో విమానం ముక్కులో సీసం ముక్క పెట్టేవాళ్ళు, తోక బరువుకు సరితూగడానికి. ధనంజయ ముక్కును బ్లేడుతో కోసి ఆ సీసం బయటకు తీశాడు. ఆ చోట చిన్న ప్లైవుడ్ బిళ్ళ అతికించి, మోటారును దానికి బిగించాడు. బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర తెచ్చిన తేలిక చెక్కతో ఫంకా చెక్కాడు. హంస మెడలు చెక్కిన చెయ్యి కనక ఆ రెక్కల మెలి ఒక్క రోజులో కుదిరింది. రిమోటు పెట్టెలో ఏడాదిగా పనిలేకుండా పడివున్న మూడో మీటకు పని దొరికింది: ముందుకు తోస్తే మోటారు తిరుగుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది. ఏడు సెల్లులను వరుసగా కట్టి, చీర అంచు గుడ్డతో చుట్టి, రెక్క కింద గూట్లో పెట్టాడు.

తర్వాత విమానాన్ని రెండు చూపుడువేళ్ళ మీద రెక్కల కింద పట్టి నిలబెట్టాడు. ముక్కు కిందికి వంగింది. సెల్లులను వేలెడు వెనక్కి జరిపాడు. తోక వంగింది. మళ్ళీ అరవేలు ముందుకు. ఈసారి అటూ ఇటూ ఒరగకుండా, నీళ్ళ మీద ఆకులా నిలిచింది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

"బరువెక్కింది గదా. పడిపోదా?"

"బరువెక్కింది. అందుకే కొంచెం జోరుగా ఇసరాల."

"ఇసిరేటప్పుడు ఆ ఫంకా నీ మొగానికి తగిలితే?"

"వెనకపక్క పట్టుకుని ఇసురుతానమ్మా."

"వెనక్కొస్తే?"

ధనంజయ నవ్వాడు. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. మునిరత్నమ్మ ఇంకేమీ అడగలేదు. అడగవలసినవి ఇంకో పద్నాలుగు ఉన్నా.

* * *

ఆదివారం పొద్దున ఎండిన చెరువులో ముగ్గురూ నిలబడ్డారు. సెల్లులు రాత్రంతా ఆదిమూలం అంగడిలో ఛార్జి అయి వచ్చాయి. మునిరత్నమ్మ సంచిలోంచి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, ఇత్తడి పళ్ళెం, కర్పూరం తీసింది. కొత్తగా కొన్న లారీకైనా, సైకిలుకైనా, చివరికి కుట్టుమిషనుకైనా హారతి ఇవ్వకుండా ఎవరు కదిలిస్తారు? ఇది మోటారు ఉన్న బండి. ధనంజయ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ముక్కుకు బొట్టు పెట్టింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఒక చుట్టు తిప్పింది. దేవుడికి తక్కువ కాకూడదని బిళ్ళలు కాస్త ఎక్కువే వేసింది. రెండో చుట్టు తిప్పేటప్పుడు గట్టు మీది నుంచి గాలి తిరిగింది.

మంట రెక్కను తాకను కూడా లేదు. సెగ సోకింది, అంతే. ఎడమ రెక్క కొస నీళ్ళు పడిన ఉప్పులా కళ్ళ ముందే కరిగి, లోపలికి ముడుచుకుని, నిమ్మకాయంత గుంట పడింది. కాలిన వాసన లేచింది.

ధనంజయ ఊది చల్లార్చాడు. పెళ్ళి మండపాల్లో థర్మోకోలు దగ్గరకు హారతి పళ్ళెం వస్తే ఆమడ దూరం నుంచి అరిచే మనిషి, ఈ రోజు తల్లి ముఖం చూస్తూ ఆ సంగతే మరిచిపోయాడు.

"నాయనా," అంది మునిరత్నమ్మ. "సామి ఒప్పుకోలేదురా. సూడు, నిప్పు సూపించినాడు. నేను అడగకుండా ఉండాల్సింది. వద్దు, వద్దు, ఇంటికి పోదాం పా."

"అక్కా, నిప్పు సూపించింది సామి కాదు, నువ్వు. అన్ని బిళ్ళలు యాడన్నా వేస్తారా?" అన్నాడు ఆదిమూలం.

ధనంజయ విమానాన్ని గడ్డి మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. ఫంకా మర వదులు చేయడం మొదలుపెట్టాడు. కోపం లేదు, వాదన లేదు. అయిదేళ్ళ కింద ఐ.టి.ఐ. పుస్తకాలను కూడా అతను ఇలాగే, ఇంత నిదానంగానే, కట్ట కట్టి అటక మీద పెట్టాడు.

మునిరత్నమ్మ ఆ చేతులను చూసింది. ఎక్కడా కాలలేదు. ఒక్క బొబ్బ లేదు. తర్వాత తన చేతిని చూసుకుంది. పళ్ళెం ఇంకా దానిలోనే ఉంది. కర్పూరం ఆరిపోయి నల్లటి మరక మిగిలింది.

నా చేతి మీదుగా చెయ్యి అని ఎవరడిగారు?

"ఆగరా," అంది.

ధనంజయ తలెత్తాడు.

"అయిపోయింది."

"ఏందిమా అయిపోయింది?"

"శిక్ష. తప్పయితే నా చేతి మీదుగా చెయ్యి, వాడి చేతికి రానీకు అని ఆయన్ని నేనే అడిగినాను గదా. నువ్వు పక్కనే ఉంటివి, ఇనలేదా? చేసేసినాడు. నా చేతి మీదుగానే. ఇంత." బొటనవేలు, చూపుడువేలు కలిపి నిమ్మకాయ కొలత చూపించింది. "ఆయన కోపం ఇంతే ఉండింది. తీరిపోయింది. ఇంకెందుకు భయం?"

ఆమె నోటినుంచి 'ఇంకెందుకు భయం' అన్న మాట ఇద్దరూ మొదటిసారి విన్నారు. ఆదిమూలం పొట్ట పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"నేను చెప్పలేదా, దేవుడే వకీలును పెట్టుకోవాలని!"

ధనంజయ ఇంకా అనుమానంగా చూస్తున్నాడు. "అమ్మా, నిజంగానే చెప్తాండావా? మళ్ళీ ఇంటికి పోయినాక..."

"ఆ మర బిగించు ముందు. వదులు చేసి పెట్టినావు, ఊడి వచ్చి కంట్లో పడతాది."

అతను మర బిగించాడు. తర్వాత బ్లేడు తీసి, కరిగిన ఎడమ కొసను జానెడు మేర కోసేశాడు. ఒక రెక్క పొట్టిదైతే విమానం ఒరుగుతుంది కనక కుడి కొసనూ అంతే కొలిచి కోశాడు. కోసేటప్పుడు మునిరత్నమ్మ రెండో కొసను కదలకుండా పట్టుకుంది. రెండు వేళ్ళ మీద మళ్ళీ నిలబెట్టి చూశాడు. నిలిచింది.

మీట ముందుకు తోశాడు. ముక్కులో తుమ్మెద దూరినట్టు మోటారు ఝుమ్మంది. మునిరత్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది, మళ్ళీ ఒకడుగు ముందుకు వేసింది. ధనంజయ గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు. విమానం ఒక్కసారి కిందికి దిగింది, నేలకు నడుమెత్తున అది తేరుకుని, ముక్కెత్తి, దారం లేకుండా, ఎవరూ లాగకుండా, మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కతాండాది! ధనా, ఎక్కతాండాది!" అని ఆదిమూలం కేకలు వేశాడు.

ధనంజయ తల పూర్తిగా వెనక్కి వాల్చాడు. కళ్ళు ఆకాశానికి అతుక్కుపోయాయి. కాళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి: ఒకడుగు ఎడమకు, రెండడుగులు వెనక్కి. మోటారు ఉండడంతో ఈసారి విమానం ఎంత దూరమైనా పోతుంది. దాంతోపాటు అతనూ పోతాడు. మునిరత్నమ్మ కుంటుకుంటూ వెళ్ళి అతని చొక్కా వెనకభాగం పిడికిట్లో పట్టుకుంది.

"అమ్మా, పైకి సూడు!"

"నువ్వు సూస్తాండావు గదా. నేను కింద సూస్తాను. కుడిపక్క గుంట ఉండాది, ఎడంగా రా. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు నడువు."

అతను నడిచాడు. ఆమె అతని వెనక నడిచింది, చొక్కాను అప్పుడప్పుడు బిగిస్తూ, అప్పుడప్పుడు వదులుతూ. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆ చేతికి తెలుసు.

పైన ఝుంకారం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె పిడికిలి బిగుసుకుంది.

"ఆగిపాయనా? కాలిపాయనా?"

"నేనే ఆపినానుమా. చాలినంత ఎత్తు పోయింది."

అప్పుడు మునిరత్నమ్మ, చొక్కా వదలకుండానే, తలెత్తి చూసింది. కొసలు తెగిన తెల్లటి రెక్కలు ఏ చప్పుడూ లేకుండా ఎండలో తిరుగుతున్నాయి.

"శానా ఎత్తుండాది," అంది. "సరే, సూసింది చాలు. బావి ఇంకో పది అడుగులే ఉండాది, ఇట్లా తిరుగు."